రెండో తరగతికొచ్చాక కాంజీ దగ్గర ఎందుకు ఆగిపోతున్నారు? (జపాన్ బడులు, చదవడంలో ఇబ్బందులు)

నిషికసాయ్_అమ్మ

బాబు ఇక్కడి వార్డు ప్రాథమిక బడిలో రెండో తరగతి. పుట్టింది జపాన్‌లోనే, మాటల్లో తోటి పిల్లలకి ఏమాత్రం తీసిపోడు. చదవమంటేనే ఇబ్బంది. హిరగానా ఒక్కో అక్షరం కూడబలుక్కుంటాడు. చిన్న 'త్సు' ఉన్నచోట మింగేస్తాడు. కటకానాలో షి, త్సు తారుమారు. కాంజీ వచ్చిందంటే ఆగిపోవడమో, నోటికొచ్చింది అనేయడమో. ఇది సాధన చాలకా, భాష చాలకా, లేక డిస్లెక్సియానా (తెలివికి లోటు లేకపోయినా చదవడం, రాయడం దగ్గరే ఉండే ఇబ్బంది)? ఎలా విడదీసి చూడాలి? ఇంట్లో ఏం గమనించాలి, బడిలో ఏం అడగాలి? తెలిసినవాళ్లు వివరంగా రాయండి. 'పెద్దయితే అదే వస్తుంది' అన్నది మాత్రం వద్దు, చాలాసార్లు విన్నాం.

లిపికారుడు

మీరు చెప్పినవన్నీ ఒకే ఇబ్బంది కాదండి. పిల్లాడు నేర్చేది మూడు లిపులు: పలుకుని రాసే హిరగానా, కటకానా (రెండూ కలిపి కానాలు), చైనా నుంచి వచ్చిన, అర్థాన్ని చూపే కాంజీ. మూడింట్లోనూ చిక్కు వేర్వేరు చోట్ల ఉంటుంది. ముందు కానాల సంగతి రాస్తాను, కాంజీ తర్వాత.

హిరగానా మూల అక్షరాలు 46. పక్కన రెండు గీతలో, చిన్న సున్నాయో చేరి వచ్చేవి ఇంకో 25. అక్షరానికీ పలుకుకీ దాదాపు ఒకటికొకటి లెక్క కాబట్టి ఎక్కువమంది మొదటి తరగతి మొదటి టర్ములోనే గట్టెక్కుతారు. మిగిలిపోయేవాళ్లు ఇరుక్కునేది మూడు చోట్ల: హల్లుని ఒత్తి పలికించే చిన్న త్సు, దీర్ఘాలు, చిన్న య-యు-యొ. బడిలో వీటిని 'తొకుషు ఒన్‌సెత్సు' (ప్రత్యేక పలుకులు) అంటారు. ఇక్కడ చిక్కు కంటిది కాదు, చెవిది. జపనీస్ మాటని మాత్రలుగా కొలుస్తారు, మన ఛందస్సులో కొలిచినట్టే. గురువుకి రెండు, లఘువుకి ఒకటి, ద్విత్వానికి ముందున్నది గురువు. కిత్తె (తపాలా బిళ్ల) తీసుకోండి. కి గురువు, త్తె లఘువు, మొత్తం మూడు మాత్రలు. హిరగానాలో రాసేదీ మూడు గుర్తులే: కి, చిన్న త్సు, తె. కితె (వచ్చి) అయితే రెండే. ఒబసన్ (అత్త, పిన్ని) నాలుగు, ఒబాసన్ (అమ్మమ్మ, నానమ్మ) ఐదు. బ్యోఇన్ (ఆసుపత్రి) నాలుగు, బియోఇన్ (బ్యూటీ పార్లర్) ఐదు. ఈ చివరి జతలో రాతలో ఉన్న తేడా అంతా 'యొ' చిన్నదా పెద్దదా అన్నదే. గురులఘువులు వచ్చిన పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే ఈ లెక్క ఐదు నిమిషాల్లో పట్టుకుంటారు.

తెలుగు కూడా నేర్చుకుంటున్న పిల్లలకి ఇందులో ఒక మెలిక ఉంది. 'అక్క'ని మనం అ-క్క అని రెండుగా విడగొడతాం, రెండో క వత్తుగా కిందకి పోతుంది. జపనీస్‌లో ఆ ఒత్తు ముందుకొచ్చి తనకంటూ ఒక గడి తీసుకుంటుంది. అందుకే మన పిల్లలు కిత్తె అని చక్కగా పలుకుతారు, ఎక్కడ ఒత్తు ఉందో వింటారు కూడా, రాసేటప్పుడు మాత్రం ఆ గడి వదిలేస్తారు. దీన్ని వినికిడి లోపంగానో, డిస్లెక్సియాగానో తొందరపడి తీసుకోకూడదు. సున్నా విషయంలో మాత్రం మనవాళ్లకి లాభమే. తర్వాతి హల్లుని బట్టి ఒకే గుర్తు మ్, న్‌గా మారడం (షింబున్ లాంటి మాటల్లో) తెలుగు సున్నాతో అలవాటైపోయి ఉంటుంది.

కటకానా పలుకులు అవే, గుర్తులు వేరు. మొదటి తరగతి రెండో టర్ములో మొదలవుతుంది, వెంటనే కాంజీ కూడా వచ్చిపడుతుంది. పాఠాల్లో కటకానా మాటలు తక్కువ కాబట్టి సాధన సగంలోనే ఆగుతుంది. షి, త్సు రెండింటికీ రెండు చిన్న గీతలు, ఒక పెద్ద గీత. షిలో చిన్న గీతలు ఎడమ అంచున ఒకదాని కింద ఒకటి, పెద్ద గీత కింద నుంచి పైకి. త్సులో చిన్నవి పై అంచున పక్కపక్కన, పెద్దది పై నుంచి కిందకి. న్, సొ మధ్య కూడా ఇదే తేడా, చిన్న గీత ఒకటే ఉంటుంది. ముద్రించిన బొమ్మని పక్కపక్కన పెట్టి చూపిస్తే పిల్లలకి తేడా దొరకదు. చేత్తో గీయించాలి, పెద్ద గీత ఎటు వెళ్తోందో నోటితో చెప్పించాలి.

రవి_ఒసాకా

ఒక సందేహం. డిస్లెక్సియా ఇంగ్లీషు లాంటి స్పెల్లింగుల భాషల్లోనే ఉంటుందనీ, జపనీస్‌లో చాలా అరుదనీ చదివాను. ఇక్కడి టీచర్లు కొందరు కూడా అదే అంటారు.

స్పీచ్_పద్మ

రవి గారూ, ఆ మాటకి మూలం 1968లో మకితా అనే మానసిక వైద్యుడు రాసిన వ్యాసం. టీచర్లని ప్రశ్నపత్రాలతో అడిగితే ఇబ్బంది ఉన్న పిల్లలు 1 శాతం లోపు తేలారు. అది టీచర్ల కంటపడినంతవరకే లెక్క. పిల్లలని కూర్చోబెట్టి చదివిస్తే బొమ్మ మారింది. 2009లో ఉనో బృందం ప్రచురించిన పరిశీలనలో చదవడంలో ఇబ్బంది ఉన్నవాళ్లు హిరగానాలో 0.2 శాతం, కటకానాలో 1.4, కాంజీలో 6.9. అంటే హిరగానా వచ్చేసింది కదా అని వదిలేస్తే చాలామంది జారిపోతారు. విద్యాశాఖ 2022 సర్వేలో సాధారణ తరగతుల్లోని ప్రాథమిక, మాధ్యమిక పిల్లల్లో చదవడం-రాయడంలో బాగా ఇబ్బంది పడుతున్నవాళ్లు 3.5 శాతం. అది కూడా టీచర్ల అంచనాయే, డాక్టర్ల నిర్ధారణ కాదు.

ఇంకోటి. 1999లో వైడెల్, బటర్‌వర్త్ ఒక అబ్బాయి గురించి రాశారు. ఇంగ్లీషు మాట్లాడే తల్లిదండ్రులు, జపాన్‌లో చదువు. జపనీస్ చక్కగా చదువుతాడు, ఇంగ్లీషులో తీవ్రమైన డిస్లెక్సియా. గుర్తుకీ పలుకుకీ సంబంధం ఎంత సూటిగా ఉంది, ఆ పలుకు ఎంత చిన్న ముక్క అన్నదాన్ని బట్టి ఇబ్బంది ఒక లిపిలో బయటపడి ఇంకోదాంట్లో దాక్కోవచ్చు. కాబట్టి 'ఫలానా లిపి బాగానే చదువుతున్నాడు' అన్నది ఊరటే గానీ రుజువు కాదు.

ఇంట్లో చూడదగినవి రాస్తున్నాను. నిర్ధారణకి కాదు, ఎక్కడ అడగాలో తెలియడానికి.

మొదట, చదవలేని మాట అసలు తెలుసా లేదా? కోకుగో (బడిలో జపనీస్ పాఠం) పుస్తకం నుంచి ఇరవై మాటలు రాయండి, ముందు చదివించండి. చదవలేనివి మీరే పైకి చదివి అర్థం అడగండి. వినగానే చెప్పేస్తే అక్షరం దగ్గర చిక్కు. విన్నా తెలియకపోతే భాష దగ్గర చిక్కు. ఎక్కువమందిలో రెండూ కలిసే ఉంటాయి, ఏది ఎంత అన్నదే ముఖ్యం. ఇక్కడ పుట్టిన పిల్లలకి కూడా ఇది చేయాలి. ఆటస్థలంలో వాడే జపనీస్ రెండేళ్లలో వచ్చేస్తుంది, పాఠాల్లోని జపనీస్‌కి ఐదు నుంచి ఏడేళ్లు పట్టొచ్చు.

రెండు, 'ఒన్‌దొకు' హోంవర్కుని నమ్మకండి. రోజూ ఇంట్లో పైకి చదివి కార్డు మీద సంతకం చేయించుకునే పద్ధతి. నాలుగోరోజుకి పాఠం కంఠతా వచ్చేస్తుంది, వేలు ఒకచోట, నోరు ఒకచోట. చివరి వాక్యం నుంచి మొదటికి చదివించండి. లేదా మధ్యలో ఒక మాట మీద వేలుపెట్టి అడగండి. అక్కడ ఆగిపోతే అంతవరకూ చదివింది జ్ఞాపకంతోనే.

మూడు, అర్థంలేని మాటలు. నుకెహొ, మెరుసొ లాంటివి ఓ పది హిరగానాలో రాసి చదివించండి. తెలిసిన మాటలు తొందరగా చదివి వీటి దగ్గర నత్తనడక అయితే ఊహతో నెట్టుకొస్తున్నాడని అర్థం.

నాలుగు, కాగితం లేకుండా. షిరితొరి (మన అంత్యాక్షరి తరహా, మాట చివరి అక్షరంతో ఇంకో మాట) ఆడగలడా? 'తైకొ' (డోలు) త-ఇ-కొ. మధ్యది తీసేస్తే తకొ అనాలి, వెనక నుంచి చెప్పమంటే కొ-ఇ-త అనాలి. రెండో తరగతి పిల్లాడు ఇక్కడ మళ్లీమళ్లీ తప్పుతుంటే పలుకుల్ని విడదీసే పనే బలహీనంగా ఉందన్నమాట. రాత సాధన ఎంత పెంచినా దానికి మందు కాదు.

అసలు పరీక్షలు ఆసుపత్రిలోనో, సంప్రదింపు కేంద్రంలోనో చేస్తారు. 'స్ట్రా-ఆర్'లో మూడు లిపులూ చదివించి, రాయించి, వేగం కొలుస్తారు. 2010 నాటి వైద్య మార్గదర్శకంలో విడి అక్షరాలు, అర్థమున్న మాటలు, అర్థంలేని మాటలు, వాక్యాలు చదివించి పట్టే సమయం చూస్తారు. వీటితో పాటు విస్క్ (పిల్లల తెలివితేటల పరీక్ష) కూడా అడుగుతారు. ఇంట్లో జపనీస్ మాట్లాడని పిల్లలకి దాని భాషా భాగంలో మార్కులు తక్కువ రావడం మామూలే. నివేదికలో ఆ సంగతి రాయమని అడగండి, లేకపోతే తర్వాత చదివేవాళ్లు ఆ అంకెని తెలివి తక్కువగా లెక్కేస్తారు.

కరీంనగర్_శీను

పద్మక్క చెప్పినవి అన్నీ కరెక్టే గని ముందుగాల కంటి డాక్టర్ దగ్గరికి పోవాలె. బడిల చూసేది దూరం చూపే. దగ్గరి చూపు, రెండు కండ్లు కలిసి కదులుతున్నయా లేదా అనేది అక్కడ తేలదు. అద్దాలతోని పొయ్యేదానికి ఆర్నెల్లు ట్యూషన్ పెట్టించేటోళ్లు ఉన్నరు. అయితే ఒకటి, కండ్ల ఎక్సర్‌సైజులతోని డిస్లెక్సియా పోతదని పైసలు గుంజేటోళ్లని మాత్రం నమ్మొద్దు.

అచ్చు (ఫాంట్) సంగతి ఎవ్వరు చెప్పలే. హిరగానా 'స', 'కి' బడి పుస్తకంల ఒక తీరు, బయట ఇంకో తీరు. బడి అచ్చుల కింది వంపు విడిగ ఉంటది, స మూడు గీతలు, కి నాలుగు. కథల పుస్తకాలు, పేపర్ల అచ్చుల ఆ వంపు పై గీతకు అతుకుతది. అసలే తడబడే పోరనికి ఇవి రెండు వేరే అక్షరాలు. ఇంట్ల ప్రింట్ తీస్తే 'యూడీ డిజిటల్ క్యోకషో-తాయ్' ఫాంట్ పెట్టుండ్రి. మోరిసావాది, 2017 నుంచి విండోస్ 10 తోనే వస్తున్నది, కొనే పని లేదు. గీతల మందం అంతట ఒక్కతీరు ఉంటది, బడి రూపం చెడదు.

లిపికారుడు

ఇప్పుడు కాంజీ. ప్రాథమిక బడిలో మొత్తం 1026. తరగతి వారీగా 80, 160, 200, 202, 193, 191. 2020కి ముందు 1006 ఉండేవి. రాష్ట్రాల పేర్లలో వచ్చే 20 కాంజీలు చేర్చి నాలుగో తరగతిలో పెట్టారు. మీవాడున్న రెండో తరగతిలో సంఖ్య ఒక్కసారిగా రెట్టింపు అవుతుంది, పైగా కొండ, నది, చెట్టు లాంటి బొమ్మకట్టే కాంజీలు మొదటి తరగతితోనే చాలావరకూ అయిపోతాయి. ఆగిపోవడం ఇక్కడే ఎక్కువ కనిపించేది అందుకే.

సంఖ్య కన్నా చదివే తీరులు పెద్ద భారం. మొదటి తరగతిలో వచ్చే 'పుట్టుక, జీవం' కాంజీ చూడండి. ఇకిరు (బతకడం)లో అది 'ఇ', ఉమరెరు (పుట్టడం)లో 'ఉ', హఎరు (మొలవడం)లో 'హ', సెన్‌సేలో 'సే', తంజోబి (పుట్టినరోజు)లో 'జో', పచ్చిగుడ్డు అన్నప్పుడు 'నమ'. ఇవి కాక క్యో (ఈరోజు), ఒతొన (పెద్దవాళ్లు) లాంటివి రెండు కాంజీలకి కలిపి ఒకే చదువు, ఏ ముక్క దేనిదో విడదీయలేం. కాబట్టి కాంజీని విడిగా కార్డు మీద రాసి 'దీన్ని ఏమంటారు' అని అడగడం శుద్ధ దండగ. మాటలో పెట్టి అడగాలి, ఒక్కో కాంజీకి ఎక్కువ వాడే రెండు మాటలతో మొదలుపెట్టాలి.

అందరూ చేసే తప్పు సాధన: ఒక నిలువు వరుసలో ఒకే కాంజీ ఇరవైసార్లు. పిల్లాడి పెన్సిల్ని గమనించండి. ఎడమ భాగం ముందు పై నుంచి కిందదాకా వరసగా గీసేసి, తర్వాత కుడి భాగం నింపుకుంటూ వస్తాడు. పేజీ నిండుతుంది, కాంజీ ఒక్కసారి కూడా మొత్తంగా బుర్రలోకి వెళ్లదు. మూడుసార్లు చాలు: చూసి ఒకటి, మూసి ఒకటి, సరిచూసుకుని ఇంకొకటి. మర్నాడు మళ్లీ ఒకసారి, వారం తర్వాత ఇంకోసారి. చూపు జ్ఞాపకం బలహీనంగా ఉండి విన్నది బాగా గుర్తుండే పిల్లలకి గీతలని చిన్న పాటలా పలుకుతూ రాసే పద్ధతి ఉంది, నోటిలెక్కగా పట్టుకుంటారు. విన్నది కూడా నిలవని పిల్లలకి అది పనికిరాదు, ముక్కల్ని రంగులతో వేరుచేసి అతికించడమే మేలు.

ముక్కల లాభం ఇంకోటి. 'నీలం' కాంజీ (1వ తరగతి), 'ఆకాశం తేటపడటం' (2), 'స్వచ్ఛం' (4), 'నిశ్శబ్దం' (4) నాలుగింట్లోనూ నీలం ముక్క ఉంది, చైనా నుంచి వచ్చిన చదువులో నాలుగూ 'సే'యే. మూడో తరగతి నుంచి ఇలాంటి కుటుంబాలు చూపిస్తూ పోతే కొత్త కాంజీని ఊహించి చదవడం వస్తుంది. రెండో తరగతిలో ఇది తొందరే, అన్ని కాంజీలు చేతిలో ఉండవు.

చదవడం ముందు, రాయడం తర్వాత. రెండూ ఒకే వారంలో కావాలని పట్టుబడితే రెండూ పోతాయి. గీత చివర ఆగిందా, కొక్కెం తిరిగిందా అని ఎర్రసిరా పెట్టే టీచర్లుంటే, 2016 ఫిబ్రవరిలో సంస్కృతి శాఖ మండలి ఇచ్చిన మార్గదర్శకం ఉంది. అలాంటి తేడాలు చేతిరాతలో తప్పు కావని అందులో స్పష్టంగా రాశారు. గొడవ పెట్టుకోమని కాదు గానీ, చెప్పుకోవచ్చు.

బడిమెట్లు

బడిలో ఎవరిని ఏం అడగాలో నేను రాస్తాను. ముందు తరగతి టీచరు (తన్నిన్). ఆయనతోనో ఆమెతోనో ఆగిపోకుండా, 'తొకుబెత్సు షిఎన్ క్యోయికు కోర్డినేటర్' (ప్రత్యేక సాయం కావాల్సిన పిల్లల చదువు చూసే టీచరు) కూడా కూర్చునేలా సమావేశం అడగండి. ప్రతి ప్రభుత్వ బడిలోనూ ఆ బాధ్యత ఒక టీచరుకి ఉంటుంది. దానికి సమాంతరంగా వార్డు వాళ్ల 'క్యోయికు సోదాన్' (చదువు సంప్రదింపు)లో పేరు రాయించండి. నెలల తరబడి ఆగాల్సి రావచ్చు కాబట్టి రెండూ ఒకేసారి మొదలుపెట్టాలి.

అడగాల్సిన మాట 'గోరితెకి హైర్యో', అంటే సహేతుకమైన సర్దుబాటు. ప్రభుత్వ బడులకి 2016 ఏప్రిల్ నుంచి, ప్రైవేటువాటికి 2024 ఏప్రిల్ నుంచి చట్టప్రకారం తప్పనిసరి. 'సాయం చేయండి' అంటే ఏమీ జరగదు, వస్తువు పేరు చెప్పాలి. వర్క్‌షీట్లకీ పరీక్షలకీ రూబి (కాంజీ పక్కన చిన్న హిరగానా), గణితం-సైన్సు ప్రశ్నలు పైకి చదివి వినిపించడం, అదనపు సమయం, నల్లబల్లని టాబ్లెట్‌తో ఫోటో తీసుకోనివ్వడం, కాంజీ హోంవర్కు సగానికి తగ్గించడం. కోకుగోలో చదవడాన్నే పరీక్షించే ప్రశ్నకి రూబి ఇవ్వరు, అది అడిగితే మిగతావి కూడా పక్కనపెడతారు. ఒప్పుకున్నవన్నీ 'కొబెత్సు నొ క్యోయికు షిఎన్ కేకకు' (ఆ పిల్లాడికి విడిగా రాసే సహాయ ప్రణాళిక)లో రాయించండి. టీచరు మారినా కాగితం పై తరగతికి వెళ్తుంది.

పాఠ్యపుస్తకం విని చదవడానికి డైసీ రూపం ఉంది. వాక్యం రంగు మారుతూ గొంతు వినిపిస్తుంది, బడి ఇచ్చిన టాబ్లెట్‌లోనే నడుస్తుంది. జపాన్ వికలాంగుల పునరావాస సంఘం ఉచితంగా ఇస్తుంది, దరఖాస్తు బడి ద్వారా పెడితే సులువు. 2024లో చట్టం సవరించాక జపనీస్ అంతగా రాని విదేశీ నేపథ్యం పిల్లలకి కూడా ఇలాంటి ఆడియో పుస్తకాలకి దారి ఏర్పడింది.

జాగ్రత్త పడాల్సింది ఒకటి. బడిలో రెండు కిటికీలు. జపనీస్ భాషా బోధన (2014 నుంచి ప్రత్యేక పాఠ్యక్రమంగా గుర్తింపు), 'త్సూక్యూ' అనే వారానికి కొన్ని గంటల ప్రత్యేక తరగతి (నేర్చుకోవడంలో లోపం ఉన్నవాళ్లకి 2006 నుంచి). ఇంటిపేరు చూసి మొదటి కిటికీకి పంపి మూడేళ్లు అక్కడే ఉంచేయడం జరుగుతుంది. తిరగేసి, భాష రాకపోవడాన్నే లోపంగా రాసి రెండోదానికి పంపడమూ జరుగుతుంది. పద్మ గారు చెప్పిన ఇరవై మాటలని చదివాడా, వింటే తెలిసిందా అని రెండు గడుల్లో రాసి ఆ కాగితం సమావేశానికి తీసుకెళ్లండి. అమ్మానాన్నల అభిప్రాయం కన్నా ఆ రెండు గడుల కాగితాన్ని ఎక్కువ పట్టించుకుంటారు.

రవి_ఒసాకా

ఇంట్లో తెలుగు మానేసి జపనీస్‌లోనే మాట్లాడమని సలహా ఇస్తున్నారు కొన్నిచోట్ల. నిజంగా ఉపయోగమా?

స్పీచ్_పద్మ

మానకండి. అమ్మానాన్నలకి అరకొరగా వచ్చిన జపనీస్ పిల్లల పదసంపదని పెంచదు, ఇంట్లో మాటలు మాత్రం తగ్గిపోతాయి. పాఠంలో వచ్చే విషయాన్ని ముందురోజు తెలుగులో మాట్లాడితే మర్నాడు జపనీస్ మాట తగిలించుకోవడానికి చోటు ఉంటుంది. తెలుగు రాత మాత్రం ఈ ఏడాదికి నెమ్మదించినా ఫర్వాలేదు, నాలుగో లిపి అవుతుంది. గుణింతాలు, వత్తులతో కలిపి గుర్తులు తక్కువేం కాదు.

నిషికసాయ్_అమ్మ

చాలా థాంక్సండి అందరికీ. చిన్న త్సుకి ఇంట్లో ఏం చేయించాలి? ఇంకోటి, కాంజీలన్నీ తీసేసి మొత్తం హిరగానాలో రాసిస్తే చదవడం తేలికవదా?

స్పీచ్_పద్మ

చిన్న త్సుకి చేతులు వాడండి. మామూలు అక్షరానికి ఒక చప్పట్టు, చిన్న త్సుకి రెండు పిడికిళ్లు బిగించడం, దీర్ఘానికి కలిపిన చేతులు అలాగే కిందకి జార్చడం, చిన్న య-యు-యొకి అరచేతులు మెలితిప్పి కొట్టడం. 'ఎమ్‌ఐఎమ్' అనే బోధనా పద్ధతిలోది, చాలా బడులకి తెలుసు. రోజుకి ఐదు మాటలు, జతలుగా: కితె-కిత్తె, ఒబసన్-ఒబాసన్. ముందు చేతులతో, తర్వాత గడుల కాగితం మీద గుర్తులు పెట్టి, ఆ తర్వాతే రాత. విడి అక్షరాల వేగానికి తొత్తోరి విశ్వవిద్యాలయం పద్ధతి (టి-షికి) యాప్ ఉంది. రోజూ కొద్ది నిమిషాలు, అక్షరాలు తడబాటు లేకుండా వచ్చేదాకా ఒక దశ, ఆ తర్వాత మాటల దశ. మొదటిది పూర్తవకుండా రెండోదానికి దూకకండి.

లిపికారుడు

మొత్తం హిరగానా అంటే ఇంకా కష్టం. మొదటి తరగతి పుస్తకంలో, రెండో తరగతిలో కొంతవరకూ, మాటల మధ్య ఖాళీ ఉంటుంది. తర్వాత ఆ ఖాళీ తీసేస్తారు, మాట ఎక్కడ మొదలైందో చూపించేది కాంజీయే. 'కొకొదె-హకిమొనొ-ఒ-నుఇదె-కుదసాయ్' అంటే ఇక్కడ చెప్పులు విప్పండి. అవే అక్షరాలు 'కొకొదెవ-కిమొనొ-ఒ-నుఇదె-కుదసాయ్' అని విడగొడితే ఇక్కడ కిమోనో విప్పండి. హ అని రాసిన అక్షరం విభక్తిగా వస్తే వ అని చదవాలి కాబట్టి ఖాళీ లేని హిరగానాలో రెంటికీ తేడా లేదు. కాంజీ పెడితే వెంటనే తేలిపోతుంది.

కాబట్టి కాంజీ ఉంచి పక్కన రూబి రాయండి, మాటల విడుపుల దగ్గర పెన్సిల్‌తో చిన్న అడ్డగీత పెట్టండి. వచ్చేసిన కాంజీకి రూబి చెరిపేస్తూ పోండి, లేకపోతే కన్ను రూబి దగ్గరే ఆగుతుంది.

కరీంనగర్_శీను

వరుస తప్పే పోరలకు నల్ల అట్టముక్క మీద పొడుగు కిటికీ కోసియ్యుండ్రి. కోకుగో పుస్తకం నిలువు వరుసలు, కుడి నుంచి ఎడమకు, కాబట్టి కిటికీ నిలువుగ ఉండాలె. వెడల్పు ఒక వరుస, దాని రూబి పట్టేటంత, అంతకన్నా ఎక్కువొద్దు. గణితం, సైన్సు పుస్తకాలు అడ్డం వరుసలు, వాటికి ఇంకోటి వేరే కొయ్యాలె. కొనేది ప్లాస్టిక్‌ది మెరుస్తది, లైటు పడితే అక్షరం కనవడదు. మామూలు అట్టే మంచిగుంటది.